కొడుకు ఎత్తు బెల్లం

చిత్రభాను, మార్గశిర శుద్ధ ఏకాదశి

ఈ రోజు అక్షరాలు వంకరగా పోతున్నాయి, పోనీ. నా కొడుకు పాసయ్యాడు. దేవిదాసు పాసయ్యాడు. మూడోసారి కూడా రాసుకుంటాను, నన్ను అడిగేవాడు ఎవడు: నా కొడుకు ఫౌజు డాక్టరు ఒళ్ళు చూసే పరీక్షలో పాసయ్యాడు. ఇగ విమానం నడుపుతాడు.

పొద్దున్నే బోధన్ మోటారు దిగి, కాలువ గట్టు పట్టుకుని నడిచి వచ్చాడు. నేను గానుగ దగ్గర ఉన్నాను. కడాయిలో రసం కలుపుతున్న నర్సింలు తలెత్తి, "పటేలా, ఎవరో దొర వస్తుండు" అన్నాడు. దొరే మరి. బూట్లు, వెనక్కి దువ్విన జుట్టు. కానీ ఇప్పటికీ గాలి ఎటు వీస్తుందో చూసుకుని, పొగ రాని పక్కన దూరంగా ఆగాడు. అది వాడికి చిన్ననాటి అలవాటు. బెల్లం పొయ్యి పొగ తగిలిందంటే వాడికి ఊపిరి అందేది కాదు. పడుకోబెడితే మెడ నరాలు లేచేవి. వాళ్ళమ్మ భూమవ్వ వాణ్ణి రొమ్ముకు ఆనించుకుని గోడకు ఒరిగి కూర్చునేది, అట్లా ఎన్ని చలికాలాలు గడిపిందో ఆమెకే తెలుసు. ఇద్దరు పిల్లలు పోయాక, నా తల సగం నెరిశాక పుట్టినవాడు.

వాడు చెప్పిన సంగతులు మర్చిపోక ముందే రాసుకోవాలి. సికింద్రాబాదు ఫౌజు దవాఖానలో రంగురంగుల ఉన్ని దారాలు ముందు పోసి ఏ రంగు ఏదో ఏరమన్నారట. గిరగిరా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, ఆపి, గీత మీద నడవమన్నారట. ఆఖరుకు గాజు గొట్టంలో పాదరసం.

"ఊపిరితోని దాన్ని పైకి ఊది, గీత కాడ నిలబెట్టాలె బాపు. నా ముందల ఒకడు పహిల్వాన్ లెక్కున్నడు. సగంలనే విడిచిండు."

"మరి నువ్వు?"

"దొర డాక్టరు చాలు, ఇగ చాలు అనేదాక పట్టిన."

చాలు అనేదాక పట్టాడట. నేను నర్సింలుకు చెప్పాను, గానుగ ఎద్దులకు చెప్పాను, ఇంటికొచ్చి భూమవ్వకు చెప్పాను. అంత పెద్ద డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నాడు. చిన్ననాటి ఉబ్బసం ఏ మూలన ఉన్నా ఆయన చెవికి చిక్కకుండా పోతుందా. అంతా తెలుసుకునే, లేదని రాసిచ్చాడు. పోయింది. అధికారికంగా పోయింది.

భూమవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, "ఆకలైతుందా బిడ్డా" అంది. అంతే. ఆడవాళ్ళ సంతోషం అట్లానే ఉంటుంది, లోపల.


త్రయోదశి

వాడు వెళ్ళిపోయాడు. ఇంకో మెట్టు మిగిలి ఉందట. మన తాలూకా పోలీసు అమీన్ వచ్చి ఇల్లు, వంశం, నడవడి విచారించి రాసి పంపాలి. అది చేరాక విమానం నేర్పే బేగంపేటకు పిలుపు.

వెళ్ళేముందు తల్లీ కొడుకులు వంటింట్లో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. నేను పోతే ఆగిపోయారు. "ఏందే?" అన్నాను. "ఏం లేదు, తిండి ముచ్చట" అంది. తరువాత వాడు నా ఎదుటే చెప్పిన మాట ఒకటి ఉంది. పైకి పోయినకొద్దీ గాలి పల్చబడుతుందట, ఇంకా పైకి పోతే మూతికి గొట్టం తగిలించుకోవాలట. భూమవ్వ రొట్టె కొడుతున్న చేయి ఆపి, "గాలి ఉండదా?" అని అడిగింది. "ఉంటదవ్వా. తక్కువుంటది" అన్నాడు వాడు నవ్వుతూ.

నాకైతే ఆ మాటకు ఒళ్ళు పులకరించింది. గాలి తక్కువైన చోటికి నా కొడుకు పోతాడు.


చవితి

అంగడిలో అందరికీ చెప్పాను. బట్టల కొట్టు తారాచంద్ సేటు నన్ను ఎత్తు పీట మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఇంటికొస్తే భూమవ్వ అంటుంది: "చెప్పనోడు ఎవడన్న మిగిలినాడా? మిగిల్తే నిద్రపట్టదు నీకు, పోయి చెప్పిరా."


మార్గశిర బహుళ అష్టమి

డోంగ్లి నుంచి పండరి వచ్చాడు. భూమవ్వ తమ్ముడు. వాడి బిడ్డ ప్రేమలను దేవిదాసుకు అనుకున్న మాట పాతదే. వాడు సంతోషించాలి కదా. మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, పోయిన యేడు చదువు కానీ అంటివి. గిప్పుడు విమానం దిగినంక పెండ్లంటవు. అది ఎప్పుడు దిగుతదో ఎవనికెరుక? పిట్టకు పిల్లనిచ్చినట్టైతది నా బతుకు."

"పిట్ట కాదురా, గద్ద" అన్నాను.

"గద్దనే. గద్దకు చిన్నప్పుడు దమ్ము రోగముండె గద. గట్లాంటోనిని ఎట్ల తీసుకుంటుండ్రు?"

నా కడుపు మండింది. పోయిన రోగం పేరు మళ్ళీ ఎత్తేవాడు సొంతవాడా? అన్నం మాత్రం తిననిచ్చాను. భూమవ్వ తమ్ముణ్ణి వాకిలి దాటేదాకా సాగనంపింది.


పుష్య శుద్ధ చవితి

అమీన్ గారి జవాను వచ్చి, దశమి నాడు సాబు విచారణకు వస్తాడని చెప్పిపోయాడు.

ఆ వెంటనే భూమవ్వ మొక్కు మాట ఎత్తింది. దేవిదాసుకు నాలుగేళ్ళప్పుడు ఊపిరి ఆగి నీలమైపోతే, పోచమ్మకు ఆమే మొక్కుకుంది. వీడి ఊపిరి వీడికి ఇస్తే వీడి ఎత్తు బెల్లం పంచుతానని. నేను ఎన్నిసార్లు గుర్తు చేసినా, "పూర్తిగ పోనీ, తొందరేంది" అనేది. ఇప్పుడు ఆమే అంటుంది.

"దశమి నాడు తీరుద్దాం."

"దశమి నాడు అమీన్ వస్తుండు గదనే."

"వస్తే రానీ. ఆయనకు గూడ పెడదాం. నీ చేతితోనే పెట్టు."

"పిలగాడు లేకుంట తూకమెట్ల?"

"డాక్టరు తూచిండు గద. వాడు చెప్పిపోయిండు బరువు. గా బరువే పెడదాం."

డాక్టరు తూచిన బరువుకు బెల్లం. ఎంత అందమైన ఆలోచన. నేను భూమవ్వను సరిగా అర్థం చేసుకోలేదు ఇన్నాళ్ళు. పైకి మాట్లాడదు గానీ నాకన్నా ఎక్కువ పొంగిపోతోంది.


పుష్య శుద్ధ దశమి

నా జీవితంలో ఇట్లాంటి దినం లేదు.

రుద్రూరు సర్కారు ఫారం విత్తనం చెరుకు, మా గానుగ, నర్సింలు చేతి పాకం. బంగారం లాంటి బెల్లం. పోచమ్మ గుడి ముందు పెద్ద తరాజు కట్టించి, కొడుకు బరువు రాళ్ళు ఒక పక్క, బెల్లం ఒక పక్క. ముల్లు నడుమ నిలిచినప్పుడు డప్పు కొట్టారు. నేను ఏడ్చాను, ఒప్పుకుంటాను.

మా ఇంటి ఆచారం ఒకటి ఉంది. మొక్కు బెల్లం మాటలేకుండా ఇవ్వకూడదు. పుచ్చుకునే ప్రతి మనిషికీ, అమ్మ ఏ రోగం తీసిందో, ఎట్లా తీసిందో, ఇచ్చేవాడు సొంత నోటితో చెప్పాలి. దాచి ఇస్తే అమ్మ చేసిన మేలు దాచినట్టు. అట్లా ఇచ్చింది మొక్కు కిందికి రాదు, పోయిన రోగం తిరిగి వస్తుంది. మా తాత అట్లానే చెప్పాడు, మా నాయన అట్లానే చెప్పాడు. నేనూ చెప్పాను, ఒక్కొక్కరికీ, గొంతు బొంగురుపోయేదాకా.

అమీన్ సాబు వచ్చాడు. పెద్దమనిషి, తెల్లగడ్డం. కుర్చీ వేశాం. ఆయన చేతిలో కూడా బెల్లం పెట్టి చెప్పాను.

"సాబ్, మా పిలగానికి పుట్టుకతోనే దమ్ము. బతకడనుకున్నం."

"అచ్ఛా. ఎన్నేండ్లుండె?"

"పదిహేనేండ్ల దాక సాబ్. చలికాలమొస్తే మాకు నిద్రనే లేకుండె."

"దవాఖానకు తీసుకపోయినరా?"

"తీసుకపోనిదెక్కడ? నిజామాబాదు పోయినం, నాందేడు పోయినం. దవాఖానల పండుకున్నడు గూడ. మీ దయతోని, అమ్మ దయతోని ఇప్పుడు పాదరసం ఎత్తిండు."

ఆయన బెల్లం నోట్లో వేసుకుని నన్ను కాసేపు చూశాడు. "పటేల్, గిదంతా రాసుకోమంటవా?" అన్నాడు. "రాసుకో సాబ్, మంచిగ రాసుకో" అన్నాను. నా కొడుకు కథ సర్కారు కాగితం ఎక్కుతుంటే వద్దంటానా?

ఇంకో వింత. పరాయి మగవాళ్ళ ముందుకు ఎన్నడూ రాని భూమవ్వ, ఆయన పోయేటప్పుడు గుర్రం దాకా నడిచి వెళ్ళి ఇంకో ముద్ద ఇచ్చి వచ్చింది. సంతోషం మనిషిని ఎంత మారుస్తుంది.


పుష్య బహుళ పంచమి

పిలుపు కోసం చూస్తున్నాను.


అమావాస్య

ఇంకా లేదు. యుద్ధం పనులు, ఆలస్యం అవుతాయి.


మాఘ శుద్ధ సప్తమి

దేవిదాసు వచ్చాడు. ట్రంకు పెట్టెతో వచ్చాడు. పరుపు చుట్టతో వచ్చాడు. సెలవు కాదు.

నేను రాయలేను ఇవాళ.


అష్టమి

రాస్తాను. రాయకపోతే లోపలే తిరుగుతుంది.

మళ్ళీ పిలిచారట. అదే డాక్టరు. ఈసారి రొమ్ము మీద గొట్టం పెట్టలేదట. ఎదురుగా నిలబెట్టి, "నీకు ఎప్పుడన్నా ఉబ్బసం ఉండెనా?" అని అడిగాడట. మొదటిసారి కూడా అడిగాడట. మొదటిసారి వీడు లేదన్నాడు. లేదని సంతకం పెట్టాడు.

"ఎందుకు లేదంటివిరా?"

"ఉన్నదంటే గేటు కాడికెల్లే పంపుతరు బాపు. పోయిందా, ఉందా అని సూడరు. ఒక్కసారి ఉండెనంటే వద్దంతె."

"మరి గిప్పుడు లేదను. పాదరసం ఎత్తినవ్ గద, మళ్ళ ఎత్తి సూపియ్యి."

"సూపిస్తనన్న. రొమ్ము గురించి కాదు, అబద్ధమాడినవ్ అన్నడు. అబద్ధమాడినోని చేతికి విమానం ఇయ్యరన్నడు. మన ఊరి నుంచే అంత వివరంగ రాసి పోయింది బాపు. ఎన్నేండ్లుండె, ఏ దవాఖాన, అంత."

నేను వాడి భుజం మీద చేయి వేశాను. వాడు చేయి తీసెయ్యలేదు, దాన్ని పట్టించుకోనూ లేదు. డాక్టరుకు అన్నీ తెలుసనే కదా నేను పొంగిపోయింది. ఆయనకు వీడు చెప్పనే లేదు. "నాకన్న ఒక్క మాట చెప్పకపోతివేరా" అంటే వంటింటి వైపు చూశాడు.

తల్లి వాడికి వేడి నీళ్ళు పెట్టింది.


నవమి

ఎవరో ద్రోహం చేశారు. ఊళ్ళో ఉన్నవాడే. మా సంగతులన్నీ తెలిసినవాడే.


దశమి

అమీన్ సాబు కాదు. ఆయన నా చేతి బెల్లం తిన్నాడు. తిన్నవాడు చెడ్డగా రాయడు. మంచిగా రాసుకొమ్మని చెప్పాను కదా.

పండరి. పండరే. పెళ్ళి ఆగిపోతుందని వాడికి కడుపుమంట. దమ్ము మాట నా ఇంట్లో కూర్చుని ఎత్తినవాడు వాడొక్కడే.


ద్వాదశి

డోంగ్లి పోయి వచ్చాను. వాకిట్లో నిలబడే అడిగాను, లోపలికి పోలేదు. పండరి భార్య సోనాబాయి తనకొచ్చిన మరాఠీలో ఏదో అంటూ చెంబుతో నీళ్ళు తెచ్చింది, తీసుకోలేదు. ప్రేమల గుమ్మం వెనక నిలబడి ఉంది.

"నా కొడుకు నోటికాడి కూడు తీసినవ్ గదరా పండరీ. గింత కుళ్ళా నీకు?"

వాడు మొదట నవ్వాడు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. తరువాత వాడి మొహం మాడిపోయింది.

"బావా, పెద్దోనివి, ఇంకోడైతే చెప్పు తీస్తుంటి. నేను ఎవ్వనికి చెప్పిన? దశమి నాడు డప్పు గొట్టిచ్చి ఊరుమొత్తం చెప్పింది నువ్వు. అమీన్‌ను కుర్సేసి కూసుండబెట్టి చెప్పింది నువ్వు. నేను గుడి కాడ్నే ఉన్న, నా చేతుల గూడ బెల్లం పెట్టి చెప్పినవ్, మర్సినవా? నాకెరుకలేనట్టు, నా అక్క కొడుక్కి దమ్ముండెనని నాకే చెప్పినవ్."

"అది మొక్కురా" అన్నాను.

"అమీన్‌కు మొక్కేంది బావా. ఆయన రాసుకునెటందుకొచ్చిండు."

బండి మళ్ళించుకుని వచ్చేశాను. ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఇగ రాకపోకలు లేవు.

పండరే. వాడు కాకపోతే ఎవరు?


మాఘ బహుళ విదియ

పండుకోలేకపోతున్నాను. పోయి అమీన్ సాబునే అడిగి, పండరి పేరు చెప్పించుకుని వస్తాను. అప్పుడు తెలుస్తుంది.


తదియ

ఆయన కూర్చోమన్నాడు. నేను నిలబడే అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పటేల్, నాకు ఎవ్వరు చెప్పలే. మీరే చెప్పినరు. రాసుకోమంటవా అని గూడ అడిగిన. గిది చెప్తే పిలగాని పని చెడుతదని మీకు ఎరుకలేదని నాకు అప్పుడే షక్, అనుమానమైంది. అందుకే పోయెటప్పుడు అనుకున్న, గీ ముచ్చట రాయకుంట ఇడిచిపెడ్దామని. ఒక్క పిలగాని నసీబు."

"మరెందుకు రాసినవ్ సాబ్?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"ఇంటామె వచ్చింది గద గుర్రం కాడికి. సాబ్, మా ఆయన చెప్పిందంత నిజం, మర్సిపోకుంట రాయి, నీ కాళ్ళు మొక్కుత అన్నది. తల్లి గట్లన్నంక నేనేం చెయ్యాలె?"

ఎట్లా ఇల్లు చేరానో తెలియదు. ఎద్దులకు దారి తెలుసు.


అదే రోజు

భూమవ్వను అడిగాను. దేవిదాసు కాలువ వైపు పోయి ఉన్నాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"వాడు లేదని సంతకం పెట్టిండని నీకెరుకేనా?"

"ఎరుకే. పాసైనానని వచ్చినప్పుడే చెప్పిండు. ఎవ్వలడిగినా దమ్ము మాట ఎత్తకు అన్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"బాపుకు చెప్పకన్నడు. బాపుకు సంతోషమైతే నోరాగదన్నడు."

చేట పక్కన పెట్టలేదు. రాళ్ళు ఏరుతూనే ఉంది.

"అమీన్ వచ్చే దినమే మొక్కు పెట్టినవ్."

"పెట్టిన."

"చెప్పదలిస్తే నువ్వే చెప్పకపోతివా? నా నోటితోని చెప్పిస్తివి."

"నేను చెప్తే, పంపబుద్ధి గాక తల్లి ఏడుస్తుందంటరు. నువ్వు చెప్తే నమ్ముతరు. గంత సంతోషంగ అబద్ధమెవ్వలు చెప్తరు?"

నలభై ఏళ్ళ కాపురం. పోచమ్మ పేరు పెట్టి, మా తాతల ఆచారం పెట్టి, నా సంతోషాన్ని పనిముట్టు చేసుకుంది. పైకి మాట్లాడదు గానీ నాకన్నా పొంగిపోతోందని రాసుకున్నాను కదా. పైన ఉంది, నా చేతిరాతే.

"వానికి ఎరుకైతే నిన్ను జల్మల క్షమించడు" అన్నాను.

"తిట్టనీ. తిట్టెటందుకు ఉంటడు." అప్పుడు తలెత్తింది. "గాలి తక్కువుంటదని నవ్వుకుంట చెప్పిండు. నువ్వు గూడ నవ్వినవ్. వాని ఊపిరి ఆగినప్పుడు నా రొమ్ము మీద ఆగింది, నీ రొమ్ము మీద కాదు."

అనడానికి చాలా ఉంది. ఇప్పుడు రాద్దామన్నా రావడం లేదు.


అష్టమి

మాట్లాడటం లేదు ఆమెతో. అన్నం పెడుతుంది, తింటున్నాను.

వాడికి చెప్పాలి. నన్ను ఇట్లా చేసిన మనిషిని వాడి ముందు నిలబెట్టాలి. పొద్దున్నే చెప్తాను.


దశమి

చెప్పలేదు.


ఏకాదశి

వాడే అడిగాడు. అన్నం దగ్గర. భూమవ్వ పొయ్యి ముందు అటు తిరిగి కూర్చుని ఉంది.

"బాపు, ఒక్కటి చెప్పు. అమీన్‌కు ఎవ్వలు చెప్పిండ్రు?"

ఆమె వీపు కదల్లేదు. చేతిలో గరిటె మాత్రం ఆగింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీద ఉంది, వారం రోజులుగా అక్కడే ఉంది.

"నేనే" అన్నాను. "మొక్కు బెల్లం పెట్టి నేనే చెప్పిన."

అబద్ధమేమీ కాదు.

"అనుకున్న" అన్నాడు. చేయి కడుక్కుని లేచి పోయాడు. కంచంలో అన్నం సగం ఉంది. భూమవ్వ దాన్ని తీయలేదు. నేనూ తీయలేదు.


మాఘ బహుళ త్రయోదశి

ఆఖరు చెరుకు ఇవాళ ఆడించాం. కడాయి ఎక్కించాక నర్సింలుకు జ్వరమొచ్చి ఇంటికి పోయాడు. దేవిదాసు చొక్కా విప్పి, పొయ్యి ముందు కూర్చున్నాడు. చెరుకు పిప్పి ఎగదోస్తూ. గాలి ఎటు వీస్తుందో చూసుకోలేదు. పొగ వచ్చే పక్కనే, పొగలోనే కూర్చున్నాడు.

"గిటు రారా" అన్నాను. వినలేదు. నన్ను చూడను కూడా లేదు.

భూమవ్వ సద్ది తెచ్చి గట్టు మీదనే ఆగిపోయింది. చాలా రోజుల తరువాత ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. పొగ వాడి తల మీదుగా, మొహం మీదుగా పోతోంది. కళ్ళు తుడుచుకుంటున్నాడు, మళ్ళీ ఎగదోస్తున్నాడు. నేను వాడి రొమ్మునే చూస్తున్నాను. ఆమె కూడా అక్కడే చూస్తోంది.

దేవుడా, రాసుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఒక్క దగ్గు రావాలని కోరుకున్నాను. ఒక్కటి చాలు. వస్తే ఆమె చేసింది సరే అయ్యేది, నాకు ఆమెతో మాట్లాడే దారి దొరికేది.

పాకం ముదిరి, కడాయి దించేదాకా నిలబడ్డాం. వాడు దగ్గలేదు.